పెళ్లయ్యాక పంచిన శుభలేఖ

బాబాయి పోయాడని తెనాలి నుంచి ఫోను వచ్చేసరికి నేను బాపట్లలో మా వరండాలో కూర్చుని డిగ్రీ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చేసింది ఆయన కొడుకు, నాకు తమ్ముడు. “అక్కా, నాన్న పోయారు” అన్నాడు. పొద్దున్నే కాఫీ తాగి దినపత్రిక ముందేసుకుని కూర్చున్నాడట. పిన్ని టిఫిన్‌కి పిలిస్తే పలకలేదట. ఒళ్లో ఉన్న పత్రికలో ఒక అచ్చుతప్పు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉందట. ఆ మాట చెప్తూ తమ్ముడు నవ్వబోయి ఏడ్చాడు. ఫోను పెట్టేశాక నా చేతిలో ఉన్న ఎర్ర పెన్నును ఏం చేయాలో నాకు తోచలేదు.

బాబాయి తెనాలిలో కాలవ గట్టు మీది ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. సీసపు అక్షరాలు ఏరి పేర్చే రోజుల్లో చేరి, కంప్యూటర్లు వచ్చాక కూడా అదే బల్ల దగ్గర ఉండిపోయాడు. పంచాంగాలు, నాటక పోటీల ఆహ్వానాలు, ఎరువుల కొట్ల కేలండర్లు, అన్నిటికంటే ఎక్కువగా శుభలేఖలు. మాఘమాసం వచ్చిందంటే అన్నం తింటూ కూడా ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ అని గొణుక్కుంటాడని పిన్ని వేళాకోళం చేసేది.

చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉండేది. హోటల్‌కెళ్తే ముందు గోడ మీది బోర్డు చదివేవాడు. ‘మసాళా దోశ’ అని ఉంటే ఆ ‘ళా’ దగ్గర చూపు ఆగిపోయేది. “చెప్పొచ్చుగా బాబాయ్ వాళ్లకి?” అంటే, “అడిగితే చెప్తానమ్మాయ్. అడక్కుండా దిద్దితే దాన్ని దిద్దడం అనరు, దెప్పడం అంటారు” అనేవాడు. ఈ తెలివి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు ‘దిద్దడం’ అన్న మాట మీద ఎప్పట్నుంచో ఒక కుతూహలం. పలక మీద అక్షరాలు దిద్దుతాం. నుదుట బొట్టు దిద్దుతాం. మీసం దిద్దుతారు, ముగ్గు దిద్దుతారు, చెడిపోయిన వ్యవహారాన్ని చక్కదిద్దుతారు. అందం చేయడానికీ తప్పు తీయడానికీ మనవాళ్లకు ఒక్క మాటే ఎలా సరిపోయింది? నిఘంటువులు తిరగేస్తే అర్థాలు వరసగా దొరికాయి గాని నా సందేహం తీరలేదు. చివరికి బాబాయినే అడిగాను.

ఆయన పెన్నుకు మూత పెట్టి, “పలక మీద అక్షరం దిద్దేటప్పుడు ఏం చేస్తావ్? కింద పెద్దవాళ్లు రాసిన అక్షరం ఉంటుంది. దాని మీదే బలపం తిప్పుతావు. తుడిచేసి వేరేచోట కొత్తది రాస్తే అది దిద్దడం కాదుగా. ఉన్నదాని మీదే, ఉన్నచోటే చేసేది దిద్దడం” అన్నాడు.

“మరి దిద్దుకోవడం?”

“దిద్దడానికి ప్రెస్సువాళ్లు జీతమిస్తారు. దిద్దుకోడానికి మనమే ఎదురిచ్చుకోవాలి” అని నవ్వాడు.

ఇంకోసారి, ‘క్షమించండి’ అన్న మాట మన ఇళ్లలో ఎందుకు వినబడదని అడిగాను. తోటికోడలితో మాట పడ్డవాళ్లెవరూ ‘నన్ను క్షమించు’ అని వెళ్లగా నేను చూడలేదు. పిల్లలు ‘సారీ’ అంటారు, పెద్దవాళ్లు ‘ఏమీ అనుకోకు’ అంటారు. బాబాయికి ఈ రెండూ నచ్చేవి కావు. “తప్పు చేసింది మనం. క్షమించమని, ఏమీ అనుకోవద్దని వాళ్లకి పని చెప్తామేంటి?” అనేవాడు. అన్నిటికంటే ఒళ్లు మండేది మాత్రం ‘సర్దుకో’ అన్న మాటకు. అదీ దెబ్బ తిన్నవాళ్లకు అప్పజెప్పే పనే కదా అని. అప్పట్నుంచి ‘సర్దుకో’, ‘దిద్దుకో’ అన్న రెండు మాటలూ ఎక్కడ వినబడ్డా చెవి ఒగ్గడం నాకు అలవాటైంది. మా ఇళ్లలో ‘సర్దుకో’ రోజూ వినబడుతుంది. ‘దిద్దుకో’ అని పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పగా విన్నాను. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పగా ఇంతవరకూ వినలేదు.

ప్రూఫు గుర్తుల్లో ఆయనకు ఇష్టమైనది హంసపాదు. వాక్యంలో ఒక మాట జారిపోతే, అది ఉండాల్సిన చోట వరస కింద చిన్న పక్షి కాలి గుర్తులా గీసి, జారిపోయిన మాటను పైన రాస్తారు. దాన్నే హంసపాదు అంటారు. “కొట్టివేత మనిషిని బయటికి పంపేది. ఇది ఇంటికి తీసుకొచ్చేది” అని నాకు చిన్నప్పుడు గీసి చూపించాడు. అలాంటి మనిషి చేతిలోంచి ఒక పేరు జారిపోయింది. జారిపోయింది అనడం కూడా సరికాదేమో.

నా పెళ్లి శుభలేఖ నాన్న రాసిచ్చాడు. ‘ఆహ్వానించువారు’ అన్నచోట అమ్మానాన్నల పేర్లు, బాబాయి పిన్నిల పేర్లు, మేనమామ పేరు ఉన్నాయి. లేనిది రేపల్లెలో ఉండే మా మేనత్త పేరు. నాన్నకూ బాబాయికీ ఆవిడ అక్క. చిన్న వయసులోనే భర్త పోతే, ఉన్న కాస్త మాగాణి సాగు చేయించుకుంటూ తమ్ముళ్లిద్దరినీ తన దగ్గరుంచుకుని బడికి పంపింది. బాబాయి చేత అ ఆలు దిద్దించింది ఆవిడే. అయితే భర్త పోయిన ఆడమనిషి పేరు శుభలేఖలో వేయకూడదని మావాళ్లలో ఒక పట్టింపు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. నాన్న వేయలేదు. బాబాయి ఆ ప్రూఫు దిద్దాడు. ముహూర్తం సరిచూశాడు, పెళ్లికొడుకు ఇంటిపేరులో తప్పిపోయిన ఒత్తు పెట్టాడు, అచ్చు వేయొచ్చని కింద సంతకం చేశాడు.

అత్తయ్య పెళ్లికి రాలేదు. జ్వరమని కబురు పంపింది. పీటల మీద కూర్చున్న నాకు వెనకాల మాటలు వినబడుతూనే ఉన్నాయి. “రేపల్లె అక్కగారు కనబళ్లేదేంటి?” అని ఎవరో, “జ్వరమంటండి” అని నాన్న. తర్వాత అమ్మతో, “అక్కే సర్దుకోవాలి. మనమేం లోకంలో లేనిది చేశామా?” అన్నాడు.

నేను బాపట్లలో కాపురానికొచ్చాక, నెల తిరిగిందో లేదో, ఒకరోజు బాబాయి భుజాన సంచితో దిగాడు. మా అత్తగారి చేతికి ఒక శుభలేఖ ఇచ్చాడు. అదే కాగితం, అదే వినాయకుడు, అదే ముహూర్తం. ఆహ్వానించేవాళ్లలో మొదటి పేరు మా మేనత్తది. అడుగున చిన్న అక్షరాల్లో, మొదట పంచిన కార్డులో ఈ పేరు లేకపోవడం తమ తప్పని ఒక ముక్క.

మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఏంటండీ అన్నయ్యగారూ ఇది? మీ అమ్మాయికి మళ్లీ పెళ్లి చేస్తున్నారా ఏంటి?”

“లేదండి చెల్లెమ్మా. అయిపోయిన పెళ్లిదేనండి. కార్డులో తప్పు పడింది.”

“పడితే పడింది. పెళ్లేమన్నా ఆగిందాండి?”

“పెళ్లి ఆగలేదండి. మా అక్క ఆగిపోయింది.”

కొత్త కోడల్ని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పటికే తెనాలిలో కార్డు వెళ్లిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లొచ్చాడట. కొందరు నవ్వారట, కొందరు మంచినీళ్లిచ్చి జాలిగా చూశారట. బాపట్ల అయ్యాక చెరుకుపల్లి, అక్కణ్నుంచి రేపల్లె. “అమ్మాయిని ఒక్క పూట పంపిస్తారా చెల్లెమ్మా? మా అక్క దగ్గరికి ఒక్కణ్నే వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు” అన్నాడు. ఆ మాట విని మా అత్తగారు ఇంకేమీ అడక్కుండా పంపింది.

చెరుకుపల్లిలో బంధువుల ఇంట్లో ఒక ముసలాయన కార్డు తీసుకుని, తేదీ చూసి, “పోయిన నెలకి ఇప్పుడు రమ్మంటే ఎట్టారా అబ్బాయ్? వెనక్కెళ్లే బస్సేదన్నా ఉందా?” అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. బాబాయీ నవ్వాడు. మళ్లీ బస్సెక్కాక మాత్రం నవ్వలేదు.

“ఇదంతా అవసరమా బాబాయ్? నువ్వు చూసుకోలేదు, అంతేగా.”

“చూశానమ్మాయ్” అన్నాడు. “కనబడక వదిలేస్తే అది ప్రూఫు తప్పు. కనబడింది. కనబడీ, ఇంతేగా ఆచారం అనుకుని సంతకం పెట్టా. అది నా తప్పు. అది ఎన్ని ఇళ్లకెళ్లిందో అన్ని ఇళ్లకీ నేనూ వెళ్లాలి.”

“అత్తయ్య మాట్లాడకపోతే?”

బాబాయి కిటికీ వైపు తిరిగాడు. తల్లి ముఖం సరిగ్గా గుర్తులేని మనిషి ఆయన. ఆ ఇంటి గడప ఎక్కనివ్వకపోతే ఆయనకు వెళ్లడానికి ఇంకో పుట్టిల్లు లేదు. కొత్త కోడలిగా నా అవమానం ఒక్కటే చూసుకుంటున్న నాకు అది అప్పుడు తట్టింది.

మేం వెళ్లేసరికి అత్తయ్య అరుగు మీద చేటలో మినుములు చెరుగుతోంది. తలెత్తలేదు.

“రారా పెద్దమనిషీ. అమ్మాయిని తెచ్చుకున్నావేం, అడ్డానికా?”

బాబాయి మెట్టు దగ్గరే నిలబడ్డాడు. “అక్కా...”

“నా పేరు సంచిలో వేసుకుని ఊళ్లు తిరుగుతున్నావంటగా. తెనాలి నుంచి ఇప్పటికి ముగ్గురు ఫోన్లు చేశారు. ‘పాపం, మీ తమ్ముళ్లు మీ పేరు వేయలేదంటగా అక్కగారూ’ అని.”

“తప్పు దిద్దుకుందామనక్కా.”

చేట కింద పెట్టింది. “కార్డులో పేర్లు ఎంతమంది చదువుతార్రా? పెళ్లెక్కడ, భోజనాలెప్పుడు, అంతేగా చూసేది. సగం మందికి నా పేరు లేదన్న సంగతే తెలీదు. ఇప్పుడు నువ్వెళ్లి ఇంటింటికీ చాటొచ్చావ్. తీసేసేటప్పుడు నన్నడిగారా మీరు?”

“లేదక్కా.”

“మరి పెట్టేటప్పుడన్నా అడిగావా?”

నేను బాబాయి ముఖంలోకి చూడలేకపోయాను. అన్ని ఇళ్ల మెట్లూ ఎక్కిన మనిషి, మొదట ఎక్కాల్సిన ఇంటికి చివర వచ్చాడు. “అడగలేదు. ఇది కూడా తప్పేనక్కా” అన్నాడు. సంచి అరుగు అంచున పెట్టి, “ఏం చేస్తే బాగుంటుందో నువ్వు చెప్పు. చెప్పకపోతే వెళ్లిపోతా. మళ్లీ వచ్చి అడుగుతా” అన్నాడు.

అత్తయ్య సంచిలోంచి ఒక కార్డు తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది. “ఇదేంటి, ఆహ్వానించువారు అని నా పేరు ముందు వేశావు? పిలిచేది నేనన్నమాట.”

“అవునక్కా.”

“పిలిచినదాన్ని అన్నం పెట్టొద్దంట్రా? ఉత్తినే అచ్చేస్తే పిలుపైపోతుందా?” మళ్లీ చేట అందుకుంది. “వచ్చే ఆదివారం ఇక్కడ భోజనాలు. మిగిలిన కార్డులు అక్కడ పెట్టు, నేను పంచుకుంటా. నువ్వు ముందురోజు వచ్చి కూరలు తరుగు. మీ అన్నయ్యని రమ్మను. ఇంక నిలబడింది చాల్లే, కూర్చో.”

బాబాయి కూర్చోబోతుంటే, “కుర్చీని అడిగావా?” అంది.

మా అత్తగారిని పిలవడానికి ఆవిడే బాపట్ల వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, “బొట్టు పెట్టి పిలవాల్సిందండి వదినగారూ. మీకేమన్నా పట్టింపు ఉంటుందేమోనని మాటతోనే పిలుస్తున్నా” అంది. మా అత్తగారు లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. అత్తయ్య దాని మూత తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం ముద్దపప్పు, దోసకాయ కూర, గుమ్మడికాయ పులుసు, బూరెలు. గుమ్మడికాయ తరుగుతూ బాబాయి ప్రతి ముక్కకీ “ఇంతా అక్కా?” అని అడుగుతుంటే, “పులుసు రేపటికవుతుందిరా ఇలాగైతే” అని పిన్ని కసురుకుంది. నాన్న కూడా వచ్చాడు. తప్పన్న మాట ఆయన నోట రాలేదు. రెండోసారి పులుసు పోయించుకుని, “అక్క చేతి పులుసు తిని ఎన్నాళ్లయిందో” అన్నాడు. అత్తయ్య మూడోసారి కూడా పోసింది. అది దిద్దుకోవడమా, సర్దుకోవడమా? నాకిప్పటికీ తేలలేదు. కొందరు మాట బదులు విస్తరి ఖాళీ చేస్తారేమో. నాన్న పోయినప్పుడు అత్తయ్య ఏడ్చిన ఏడుపు చూస్తే ఆవిడ లెక్కలో అది చాలిందేమో అనిపించింది. కానీ ఆవిణ్ని అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

ఆ తర్వాత బాబాయి రేపల్లె ఎప్పుడెళ్లినా గుమ్మంలో నిలబడి “అక్కా, కూర్చోనా?” అని అడిగేవాడు. వెక్కిరింతగా మొదలైనది చివరికి వాళ్లిద్దరి పలకరింపై కూర్చుంది. అత్తయ్య తోచినప్పుడు “వద్దు, నిలబడు” అనేది. ఆయన నిజంగానే నిలబడేవాడు.

మొన్న బాబాయి పెద్దకర్మ కార్డులు వచ్చినప్పుడు నేనూ అత్తయ్యా తెనాలిలోనే ఉన్నాం. ఆవిడ బాబాయి పోయిన దగ్గర్నుంచీ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడావిడకు చూపు బాగా తగ్గింది. తమ్ముడు కార్డు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టి, “నీ పేరే మొదట వేయించానత్తా” అన్నాడు. పాత సంగతంతా వాడికి తెలుసు. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. అప్పటికే వీధిలో కొన్ని ఇళ్లకు ఇచ్చొచ్చాడు.

“చదవ్వే” అంది నాతో. చదివాను. ‘ఇట్లు’ అన్నదాని కింద అత్తయ్య పేరు, తమ్ముడి పేరు, కోడలి పేరు, మనవల పేర్లు.

“మళ్లీ చదువు.”

మళ్లీ చదివాను. రెండోసారి చదువుతుంటే నాకూ తెలిసింది.

“ఇందులో మీ పిన్నేది?”

తమ్ముడు నా చేతిలోంచి కార్డు తీసుకుని చూశాడు. “షాపులో పాత కార్డు ఒకటి చూపించి, ఇలాగే వేస్తారన్నారత్తా... నేను నీ పేరు పడిందా లేదా అనే చూశాను.”

లోపలి గదిలోంచి పిన్ని గొంతు వచ్చింది. “పోనీలెండి వదినా. ఆయనే లేకపోయాక నా పేరెందుకు? వాణ్నేమీ అనకండి. సర్దుకుందాం.”

అత్తయ్య గోడ పట్టుకుని లేచింది. గది గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగింది. “కూర్చోనా అమ్మాయ్?” అని అడిగింది. పిన్ని ఏమీ అర్థంకానట్టు చూసి, మంచం మీద కొంచెం జరిగింది. అత్తయ్య పక్కన కూర్చుని, “సర్దుకుంటావా అని కాదు నేనడిగేది. నీ పేరు ఉండాలా, వద్దా? వద్దంటే వద్దు. నీ ఇష్టం” అంది.

పిన్ని చాలాసేపు చీర కొంగు మడతపెట్టింది, విప్పింది.

“ఉండాలి వదినా.”

బాబాయి చొక్కా ఇంకా కొక్కేనికే ఉంది. జేబులోంచి ఎర్ర పెన్ను నేనే తీసిచ్చాను. ఇంట్లో ఉన్న కార్డులన్నీ నేనూ తమ్ముడూ దిద్దాం. పంచేసిన ఇళ్ల సంగతి వచ్చేసరికి తమ్ముడు, “ఫోన్ చేసి చెప్తాలే అత్తా” అన్నాడు. “ఫోన్లో ఎట్టా దిద్దుతావురా?” అని ఆవిడ చెప్పులు వెతుక్కుంది. పిన్ని గడప దాటకూడదు. ఆడపడుచులం గనక మా ఇద్దరికీ మైల తీరిపోయింది.

ఆటోలో బయల్దేరాం. మొదటి ఇంటివాళ్లు మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. అత్తయ్య గేటు పక్క చప్టా మీద కూర్చుని, “మీకిచ్చిన కార్డు ఒకసారి తెండమ్మా, తప్పు పడింది” అంది. కార్డు మోకాలి మీద పెట్టుకుని, ‘ఇట్లు’ ఎక్కడుందో నా వేలితో చూపించమంది. చూపించాను. అక్కడ వరస కింద హంసపాదు గీసింది. చూపు ఆనక అది కోడిపిల్ల అడుగులా వచ్చింది. పైన, పాతకాలపు గుండ్రటి అక్షరాలతో, మరదలి పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. ఇంటావిడ చెయ్యి చాచింది గాని అత్తయ్య ఇవ్వలేదు. సిరా తడిగా మెరుస్తోంది. అది ఆరేదాకా ఆ కార్డును మడవకుండా, రెండు చేతులతో గాలికి పట్టుకుని కూర్చుంది.